ఒక్క ఫైలు లేదట!

కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. సెటప్ మీద రెండుసార్లు నొక్కారు. నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, ఫినిష్... అన్నీ సజావుగానే సాగాయి. డెస్క్‌టాప్ మీదకు బుల్లి బొమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఇంట్లో పిల్లలంతా మానిటర్ చుట్టూ చేరారు. తీరా ఆ బొమ్మను నొక్కితే టింగుమని చప్పుడు! ఎర్రటి వలయంలో తెల్లటి ఇంటూ మార్కుతో ఓ చిన్న డబ్బా తెర మీదికొచ్చింది. 'ఎంఎస్‌వీసీపీ140 డాట్ డీఎల్ఎల్ అనే ఫైలు కనబడలేదు. కనుక ముందుకు పోవడం కుదరదు. ప్రోగ్రామును మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఫలితం ఉండొచ్చు' అని దాని సారాంశం.

సరే కదా అని మళ్లీ వేస్తారు. మళ్లీ అదే టింగు. మూడోసారీ అంతే.

ఇలాంటప్పుడు ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే. లేనిది ఒక్క ఫైలే కదా, అదేదో తెచ్చి పడేస్తే పోలా? ఆ పేరును గూగుల్లో కొడతారు. 'మీకు కావాల్సిన డీఎల్ఎల్ మా దగ్గరుంది, ఉచితంగా దించుకోండి' అంటూ సైట్లు వరసకట్టి కనిపిస్తాయి. దించుకుని విండోస్ ఫోల్డర్‌లో పెడతారు. ఒక్కోసారి ప్రోగ్రాము నడుస్తుంది కూడా. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఫొటోలాగా, పాటలాగా ఊరికే పడి ఉండే ఫైలు కాదది. నడిచే ప్రోగ్రాములో ఒక ముక్క. దాన్ని పిలిచిన ప్రోగ్రాముకు ఎన్ని అధికారాలుంటే దానికీ అన్నే ఉంటాయి. నాన్న నెట్ బ్యాంకింగ్ చేసేదీ, అక్క అడ్మిషన్ అప్లికేషన్ పెట్టేదీ అదే కంప్యూటర్ మీద. ముక్కూమొహం తెలియని చోటు నుంచి అలాంటి ముక్కను తెచ్చి పెట్టుకోవడమంటే, తాళంచెవి పోయిందని దారిన పోయేవాడికి ఇల్లు అప్పగించినట్టే.

మరేం చేయాలి? ముందు ఆ ఫైలు ఎందుకు లేకుండా పోయిందో తెలుసుకోవాలి. కడుపునొప్పి అన్నంత మాత్రాన డాక్టర్ మందు రాసేయడు కదా. కంప్యూటర్ చెప్పే ఫైలు పేరు కూడా అంతే.

పెళ్లి గుండిగల లెక్క

పూర్వం పల్లెల్లో పెళ్లి జరిగితే ప్రతి ఇంటివాళ్లూ గుండిగలు, గంగాళాలు కొనుక్కునేవారు కాదు. ఊరందరికీ కలిపి ఓ చోట ఉండేవి. ఎవరింట్లో శుభకార్యమైనా అక్కడి నుంచి తెచ్చుకోవడం, పనయ్యాక తోమి అప్పగించడం. డీఎల్ఎల్ ఫైళ్లూ అలాంటివే. పూర్తిపేరు డైనమిక్ లింక్ లైబ్రరీ. తెర మీద కిటికీ గీయడం, అక్షరాలు రాయడం, లెక్కలు కట్టడం లాంటి పనులకు ప్రతి ప్రోగ్రామూ సొంత సరంజామా మోసుకు రాకుండా, అందరికీ కలిపి ఒకచోట ఉంచినదాన్ని వాడుకునే ఏర్పాటది. డిస్కులో చోటు, మెమరీ రెండూ కలిసొస్తాయి.

తిప్పలు కూడా అక్కడి నుంచే మొదలు. ఒకింటివాళ్లు గుండిగ పట్టుకెళ్లి, చూడ్డానికి అలాగే ఉంది కదా అని వేరేది తెచ్చిపెడితే? తర్వాతి పెళ్లివారి మూత దానికి పట్టదు. విండోస్ 95, 98 రోజుల్లో సరిగ్గా ఇదే జరిగేది. కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్ తన వెంట తెచ్చుకున్న పాత డీఎల్ఎల్‌ను, సిస్టమ్‌లో ఉన్న కొత్తదాని మీద పెట్టేసేది. తాను బాగానే నడిచేది. నిన్నటిదాకా నడిచిన మరోటి మూలనపడేది. కంప్యూటర్ లోకం దీనికి 'డీఎల్ఎల్ హెల్' అని పేరే పెట్టింది. విండోస్ 2000తో మైక్రోసాఫ్ట్ ముఖ్యమైన సిస్టమ్ ఫైళ్లకు కాపలా పెట్టింది. ఎవరైనా వాటిని మారిస్తే, విడిగా దాచిన అసలు కాపీని తెచ్చి తిరిగి పెట్టేసేది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ నుంచి ఒకే డీఎల్ఎల్‌కు చెందిన వేర్వేరు వెర్షన్లు పక్కపక్కనే కాపురం చేసే సదుపాయమూ వచ్చింది.

అలా గొడవ చాలావరకు సద్దుమణిగింది. కానీ పూర్తిగా పోలేదు. పైన చెప్పిన ఎంఎస్‌వీసీపీ140నే తీసుకుంటే, అది ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు కాదు. మైక్రోసాఫ్ట్ వారి విజువల్ సీ ప్లస్ ప్లస్‌లో తయారైన చాలా ప్రోగ్రాములకు కావాల్సిన ఉమ్మడి సరంజామాలోది. ఆ సరంజామా మొత్తాన్ని 'విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్' అనే ప్యాకేజీగా మైక్రోసాఫ్టే తన సైట్లో ఉచితంగా ఇస్తోంది. మంచి సెటప్ అయితే దాన్ని తనతోపాటే తెచ్చి వేస్తుంది. కొన్ని తీసుకురావు. తెచ్చినా ఒక్కోసారి అది మధ్యలో విఫలమవుతుంది. అందుకే ఎన్నిసార్లు మళ్లీ వేసినా అదే టింగు.

ఒక్క డీఎల్ఎల్ కోసం వెతకడం మాని ఆ ప్యాకేజీని వేసుకుంటే చాలు. గుండిగ, మూత, గరిటె అన్నీ ఒకే సెట్టులోవి వస్తాయన్నమాట. పేరు చివర 140 ఉంటే 2015 నుంచి వచ్చిన వెర్షన్లన్నిటికీ కలిపి ఉన్న ప్యాకేజీ కావాలి. వీసీరన్‌టైమ్140 అన్నా అదే. ఎంఎస్‌వీసీఆర్120 అంటే 2013 ప్యాకేజీ, ఎంఎస్‌వీసీఆర్100 అంటే 2010ది. పాత ఆటలు వేస్తున్నప్పుడు డీ3డీఎక్స్9 అండర్‌స్కోర్ 43 అని కనిపిస్తే అది డైరెక్ట్‌ఎక్స్ సరంజామా. విండోస్‌లో కొత్త డైరెక్ట్‌ఎక్స్ ఉన్నా ఈ పాత ముక్కలు అందులో రావు. 2010 జూన్ నాటి 'డైరెక్ట్‌ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్' విడిగా వేసుకోవాలి.

ఇక్కడో తిరకాసుంది. ఈ ప్యాకేజీలు ఎక్స్86, ఎక్స్64 అని రెండు రకాలుగా ఉంటాయి. మొదటిది 32 బిట్ ప్రోగ్రాములకు, రెండోది 64 బిట్ వాటికి. 'మాది 64 బిట్ విండోస్ కదా' అని చాలామంది రెండోదొక్కటే వేసి ఊరుకుంటారు. కానీ 64 బిట్ విండోస్ మీద కూడా 32 బిట్ సాఫ్ట్‌వేర్లు బోలెడు నడుస్తుంటాయి. వాటికి మొదటిదే కావాలి. రెండూ వేసుకుంటే గొడవే లేదు.

ఫైలును చేత్తో కాపీ చేసేవాళ్లను ఈ బిట్ల వ్యవహారం ఇంకా ఏడిపిస్తుంది. 64 బిట్ విండోస్‌లో 'సిస్టమ్32' అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 'సిస్‌వావ్64' అనే ఫోల్డర్‌లో ఉండేవి 32 బిట్‌వి! పేర్లు పూర్తిగా తిరగబడ్డాయి. పాత ప్రోగ్రాములు 'సిస్టమ్32' పేరుకే అలవాటుపడి ఉండటంతో దాన్ని మార్చకుండా వదిలేశారు. ఒకదాంట్లో పెట్టాల్సింది రెండోదాంట్లో పెడితే '0ఎక్స్‌సి000007బి' అని ఓ నంబరు కనిపిస్తుంది. 32, 64 ఒకదాంతో ఒకటి కలగలిసిపోయినప్పుడు తరచూ వచ్చే ఎర్రర్ అది.

వచ్చింది సగమే!

లేని ఫైలు ఒక రకం. ఉండీ చెడిపోయిన ఫైలు ఇంకో రకం. 'డేటా1 డాట్ క్యాబ్ అనే ఫైలు కరప్ట్ అయింది' అంటూ 1335 నంబరుతో వచ్చే ఎర్రర్, 'ఇన్‌స్టాలర్ ఇంటిగ్రిటీ చెక్ విఫలమైంది' అనే ఎర్రర్ ఈ రకానివి. సాఫ్ట్‌వేర్‌లోని వందల ఫైళ్లను నొక్కి, మూటకట్టి ఓ గోతాంలో పెడతారు. ఆ గోతామే క్యాబ్ ఫైలు. దానికి ఎక్కడో చిన్న చిల్లు పడిందని ఈ ఎర్రర్ల అర్థం.

విండోస్ 95ను సీడీ మీదే కాక 13 ఫ్లాపీల మీద కూడా అమ్మారు. వరసగా పన్నెండు ఎక్కించాక పదమూడోది చదవనని మొరాయిస్తే, అప్పటిదాకా పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే. తర్వాత సీడీల మీద గీతలొచ్చాయి. ఇప్పుడు ఫ్లాపీ లేదు, చాలా ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవే లేదు. చిల్లు పడే చోటు మారింది, అంతే.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోవడం. కరెంటు పోయి వైఫై ఆగినా, ఫోను హాట్‌స్పాట్ డేటా అయిపోయినా ఫైలు సగంలో నిలిచిపోతుంది. క్రోమ్‌లో డౌన్‌లోడ్ పూర్తయ్యేదాకా ఫైలు పేరుకు 'సీఆర్‌డౌన్‌లోడ్' అనే తోక ఉంటుంది. ఆ తోక కత్తిరించి 'ఈఎక్స్ఈ' అని పెట్టేసి పనైపోయిందనుకునే గడుగ్గాయిలు లేకపోలేదు. తోక మారుతుంది గానీ కడుపు నిండదు! ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూసి, కంపెనీ సైట్లో ఇచ్చిన సైజుతో పోల్చుకుంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

అదే ప్రాపర్టీస్‌లో 'డిజిటల్ సిగ్నేచర్స్' అనే మరో మడత ఉంటుంది. పేరున్న కంపెనీలు తమ సెటప్ ఫైళ్ల మీద ఇలా సంతకం చేసి వదులుతాయి. సంతకం మీద నొక్కి 'డీటెయిల్స్' చూస్తే అది సరైనదో కాదో విండోసే చెబుతుంది. సంతకం చేశాక ఫైల్లో ఒక్క అక్షరం మారినా సరిపోలడం లేదంటుంది. పెద్దగా ఎవరూ చూడని చోటిది. ఇంతకన్నా తేలికైన పరీక్ష మరోటి లేదు.

కొన్ని సైట్లు ఫైలు పక్కన 'ఎస్‌హెచ్‌ఏ256' అని రాసి 64 అంకెలు, అక్షరాల పొడుగాటి వరస ఇస్తాయి. అది ఆ ఫైలు వేలిముద్ర. పవర్‌షెల్ తెరిచి 'గెట్-ఫైల్‌హ్యాష్' అని ఇంగ్లిషులో టైప్ చేసి, ఓ ఖాళీ వదిలి, ఫైలును మౌసుతో లాక్కొచ్చి ఆ కిటికీలో వదిలి ఎంటర్ కొడితే మన దగ్గరున్న ఫైలు వేలిముద్ర వస్తుంది. రెండూ ఒకటైతే ఫైలు చెక్కుచెదరకుండా వచ్చినట్టు. ఒక్క బైటు తేడా ఉన్నా వరస మొత్తం మారిపోతుంది కాబట్టి మొదటి నాలుగు, చివరి నాలుగు పోల్చినా యాదృచ్ఛికంగా జరిగిన పాడు బయటపడిపోతుంది.

ఇక జిప్ ఫైళ్ల కథ. జిప్‌ను నొక్కగానే లోపలి ఫైళ్లు మామూలు ఫోల్డర్‌లో ఉన్నట్టే కనిపిస్తాయి. అక్కడే సెటప్‌ను నొక్కేస్తారు. విండోస్ ఆ ఒక్క సెటప్ ఫైలునే బయటికి తీసి నడిపిస్తుంది. మిగతావన్నీ మూటలోనే ఉండిపోతాయి. సెటప్ చుట్టూ చూస్తుంది, తన తోటివాళ్లు ఒక్కరూ లేరు. 'ఫలానా ఫైలు లేదు' అని గగ్గోలు పెడుతుంది. మందేమిటంటే ముందు 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' కొట్టి, విప్పిన ఫోల్డర్‌లో నుంచి సెటప్ నడపడం. కంప్యూటర్ షాపులకు వెళ్లే కేసుల్లో ఇంత చిన్నవి కూడా ఉంటాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సెటప్ అయితే పెన్‌డ్రైవ్‌నూ అనుమానించాలి. కాపీ అయినట్టు తెర మీద కనిపించినా, లోపల ఇంకా రాస్తూనే ఉండొచ్చు. అప్పుడే లాగేస్తే ఫైలు దెబ్బతింటుంది. 'ఇజెక్ట్' కొట్టి తీయమనేది అందుకే. ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి 4 జీబీ ఫైలు పట్టదు. ఎంత ఖాళీ ఉన్నా అంతే. అలాంటప్పుడు ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చుకోవాలి. అన్నట్టు, ఫుట్‌పాత్ మీదా, ఆన్‌లైన్‌లోనూ కారుచౌకగా దొరికే '2 టీబీ' పెన్‌డ్రైవ్‌లలో లోపల ఉండేది అందులో వందోవంతు కూడా కాకపోవచ్చు. పైకి మాత్రం 2 టీబీ అని చూపించేలా వాటి చిప్‌కు అబద్ధం నేర్పుతారు. అసలు చోటు నిండాక వేసిన ఫైళ్లు పేరుకే ఉంటాయి, తెరిస్తే ఏమీ ఉండదు. సాఫ్ట్‌వేర్ అయితే మళ్లీ దించుకోవచ్చు. పెళ్లి వీడియో అలాంటి దాంట్లో పెట్టి, అసలుది చెరిపేసుకున్నవాళ్ల పరిస్థితి ఏమిటి?

పాడైన ఫైలు విషయంలో గడుసు కిటుకు ఒకటుంది. సెటప్‌ను రెండు మూడుసార్లు నడిపి, ఎక్కడ ఆగుతోందో గమనించాలి. ప్రతిసారీ ఒకే ఫైలు పేరు చెప్పి ఒకేచోట ఆగితే దోషం ఫైలుది. మళ్లీ దించుకోవాలి. ఓసారి ఒక ఫైలు, ఇంకోసారి మరో ఫైలు పేరు చెబుతుంటే ఫైలును తిట్టుకుని లాభం లేదు. కంప్యూటర్‌లోని ర్యామ్‌నో, డిస్కునో అనుమానించాలి. స్టార్ట్‌లో 'మెమరీ డయాగ్నస్టిక్' అని వెతికితే ర్యామ్‌ను పరీక్షించే సాధనం విండోస్‌లోనే దొరుకుతుంది. ర్యామ్ ముక్కను తీసి, మెత్తటి పొడిగుడ్డతో తుడిచి మళ్లీ బిగిస్తే బాగుపడిన సిస్టమ్‌లూ ఉన్నాయి.

చిన్నాచితకా కారణాలు ఇంకో రెండున్నాయి. సీ డ్రైవ్ నిండిపోతే, మూట విప్పుకోవడానికి చోటు లేక సెటప్ 'ఫైలు రాయలేకపోయాను' అంటుంది. విండోస్‌లో యూజర్ పేరును తెలుగు అక్షరాల్లో పెట్టుకుంటే కొన్ని పాత సెటప్‌లు ఆ ఫోల్డర్ దారిని చదువుకోలేక తికమకపడతాయి. ఇంగ్లిషు అక్షరాలతో మరో యూజర్‌ను సృష్టించి అందులోంచి వేస్తే సరి.

కాపలావాడే తినేస్తే

ఫైలు పూర్తిగా వచ్చింది, మూట సరిగ్గా విప్పారు, అయినా ఒకటి మాయమైంది. అప్పుడు చూడాల్సింది యాంటీవైరస్ వంక. అనుమానం వచ్చిన ఫైలును అది చడీచప్పుడు కాకుండా పక్కకు లాగి బంధిస్తుంది. 'విండోస్ సెక్యూరిటీ' తెరిచి, 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్'లో 'ప్రొటెక్షన్ హిస్టరీ' చూస్తే ఎప్పుడు, ఏ ఫైలును, ఎందుకు పట్టుకుందో తేదీతో సహా ఉంటుంది.

కాపలావాడూ పొరబడతాడు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని 'ఎస్‌వీసీహోస్ట్' అనే అసలు సిసలు సిస్టమ్ ఫైలును వైరస్ అనుకుంది. దాంతో ప్రపంచమంతటా ఎన్నో ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. 2024 జులై 19న అయితే క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు ఫైలు వల్ల నీలితెరలు దిగాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దెబ్బతిన్న విండోస్ యంత్రాలు 85 లక్షలు. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. చాలాచోట్ల మనుషులు ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలును చెరిపారు. పదిమందికీ కలిపి పెట్టిన గుండిగలో విషం పడ్డట్టయింది.

కానీ ఇలాంటివి చూపించి యాంటీవైరస్‌ను ఆపేయమని చెప్పేవాళ్లను నమ్మకూడదు. 'ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి, తర్వాత ఇన్‌స్టాల్ చేయండి' అని నోట్‌ప్యాడ్‌లో సూచన రాసి పెట్టే సాఫ్ట్‌వేర్లు ఎక్కడివో చెప్పక్కర్లేదు. వేలు పోసి కొనాల్సింది ఫ్రీగా దొరికిందని సంబరపడి వేసే దొంగ కాపీలవి. లాకు పగలగొట్టడానికి ఎవరో అందులోని ఫైలును మార్చారు. కాబట్టి సంతకం సరిపోలదు, యాంటీవైరస్ ఊరుకోదు. మార్చినవాడు లాకు ఒక్కటే పగలగొట్టి ఊరుకున్నాడో, ఇంకేమైనా పెట్టాడో ఎవరు చూశారు? టైపింగ్‌కు లిబ్రే ఆఫీస్, ఫొటోలకు గింప్ లాంటివి ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతున్న రోజుల్లో ఆ రిస్కు దేనికి?

విండోస్‌కే సుస్తీ చేస్తే

ఏ సాఫ్ట్‌వేర్ వేసినా ఏదో ఒక ఎర్రర్ వస్తుంటే నేలే బాగాలేదని అర్థం. విండోస్ తన ఫైళ్లను తానే సరిచూసుకునే ఆదేశాలు రెండున్నాయి. స్టార్ట్‌లో 'సీఎండీ' అని వెతికి, రైట్ క్లిక్‌తో 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోవాలి. ముందుగా 'డీఐఎస్‌ఎం /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్'. అది పూర్తయ్యాక 'ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ'. రెండూ ఇంగ్లిషు అక్షరాల్లోనే. ప్రతి గీతకు ముందు ఒక ఖాళీ వదలాలి.

ఈ వరస ఎందుకంటే... విండోస్ లోపల అసలు ఫైళ్ల కొట్టు ఒకటుంటుంది. మొదటి ఆదేశం మైక్రోసాఫ్ట్ నుంచి మంచి కాపీలు తెప్పించి ఆ కొట్టును బాగుచేస్తుంది. రెండోది కొట్టులోంచి తీసి, వాడుకలో ఉన్న పాడు ఫైళ్ల స్థానంలో పెడుతుంది. కొట్టే పుచ్చిపోయి ఉంటే రెండోదొక్కటే నడిపి లాభమేముంది? మధ్యలో ఒకే అంకె దగ్గర చాలాసేపు నిలబడిపోయినా కంగారుపడి మూసేయకూడదు.

పాతవాళ్లకు ఓ సంగతి గుర్తుండే ఉంటుంది. ఎక్స్‌పీలో తెలుగు చదవాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' అనే గడిలో టిక్కు పెట్టాలి. పెట్టగానే 'విండోస్ సీడీ వేయండి' అనేది. గౌతమి ఫాంటు సిస్టమ్‌లోనే ఉన్నా అక్షరాలను, ఒత్తులను కూర్చే సరంజామా సీడీలో ఉండిపోయేది. సిస్టమ్ కొన్న షాపువాడు సీడీ ఇవ్వలేదు. దాంతో ఎన్నో ఇళ్లలో తెలుగు డబ్బాలు డబ్బాలుగానే కనిపించేది. 'ఇన్‌స్టాలేషన్ సోర్స్ దొరకలేదు' అనే ఎర్రర్‌లన్నీ ఈ తరహావే. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి వేశారో, ఆ చోటును అది మళ్లీ అడుగుతోంది.

ఇప్పుడు ఆ పరిస్థితిని మనమే కొని తెచ్చుకునే దారి ఒకటుంది. విండోస్ ఫోల్డర్‌లో 'ఇన్‌స్టాలర్' అని దాచి ఉంచిన ఫోల్డర్ ఉంటుంది. అర్థంపర్థం లేని అంకెల పేర్లతో ఫైళ్లుంటాయి. కొన్ని సిస్టమ్‌లలో పది, ఇరవై జీబీలు తినేస్తుంది. చోటు చాలడం లేదని వెతికేవారి కంట్లో అది పడుతుంది. చెరిపేస్తారు. ఆ రోజుకు ఏమీ కాదు. నెలల తర్వాత ఏదో సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ వేద్దామనో, తీసేద్దామనో చూస్తే సోర్స్ లేదంటుంది. పాతది పోదు, కొత్తది రాదు! ఆ చిక్కులో పడ్డవారి కోసం 'ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్' అనే సాధనాన్ని మైక్రోసాఫ్ట్ తయారుచేసింది. చోటు కావాలంటే 'డిస్క్ క్లీనప్' వాడాలి. ఆ ఫోల్డర్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఫోన్లోనూ ఇదే గోల

'పార్స్ ఎర్రర్', 'యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్' అని ఆండ్రాయిడ్ ఫోన్లలో కనిపించేవి కూడా ఈ కుటుంబానివే. ఏపీకే ఫైలు నిజానికి ఒక రకం జిప్ మూట. సగమే దిగినా, ఫోనుకు ఉన్న ఆండ్రాయిడ్ వెర్షన్ కన్నా కొత్తది కోరినా, లోపలి సంతకం చెడినా ఫోను దాన్ని తీసుకోదు. ప్లేస్టోర్ నుంచి వేసుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

బాధ వచ్చేది వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలతోనే. 'పెళ్లిపత్రిక', 'ట్రాఫిక్ చలానా', 'బ్యాంకు కేవైసీ' అనే పేర్లతో ఇవి తిరుగుతున్నాయి. నొక్కితే ఎర్రర్ వచ్చిందని, పంపినవాడికే ఫోన్ చేసి అడిగే అమాయకులున్నారు. వాడు ఓపిగ్గా సెట్టింగులు మార్పించి వేయిస్తాడు. ఆ తర్వాత ఓటీపీ మెసేజులు వాడికీ కనిపిస్తుంటాయి. పెళ్లిపత్రికకు ఇన్‌స్టాల్ చేయాల్సిన అవసరం ఏముంటుంది? ఫొటోనో, పీడీఎఫ్ఫో అయితే చాలు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు ఇతర ఖాతాల్లోకి జారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఫార్మాట్ కొట్టేద్దామా సార్?

ఏ సమస్యతో వెళ్లినా కొన్ని షాపుల్లో వినిపించే మాట ఇది. వాళ్లకు అది సులువు. గంటలో తేలిపోతుంది. సీ డ్రైవ్‌లో డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో ఉన్న ఫొటోలు, అకౌంట్ల డేటా, ఫాంట్లు, ఎప్పుడో కొన్న సాఫ్ట్‌వేర్ల లైసెన్సులు పోతే ఆ నష్టం మాత్రం ఇంటివాళ్లది. ఫైలు లేదన్న ఎర్రర్‌కు ఫార్మాట్ అవసరమయ్యే సందర్భాలు చాలా అరుదు.

దానికి ముందు ఇంకో మెట్టుంది. ఉన్న విండోస్ మీదే విండోస్‌ను మళ్లీ వేయడం. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి అదే వెర్షన్ ఐఎస్‌ఓ దించుకుని, విండోస్ నడుస్తుండగానే అందులోని సెటప్‌ను నొక్కాలి. ఏమేం ఉంచమంటారని అడిగినప్పుడు 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' ఎంచుకోవాలి. సిస్టమ్ ఫైళ్లన్నీ కొత్తవి వస్తాయి, ఫొటోలు, సాఫ్ట్‌వేర్లు ఉన్నచోటే ఉంటాయి. విండోస్ 11లో ఐఎస్‌ఓ కూడా అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీకి వెళ్తే 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్' అని ఉంటుంది. పక్కనున్న 'రీఇన్‌స్టాల్ నౌ' నొక్కితే అదే పని అదే చేసుకుంటుంది. ఆ పేజీలోనే ఉండే 'రీసెట్ దిస్ పీసీ'తో దీన్ని కలగాపులగం చేసుకోవద్దు. రీసెట్‌లో 'కీప్ మై ఫైల్స్' అన్నా ఫొటోలు మిగులుతాయి గానీ వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి.

విండోస్ 10 వాడేవారు మాత్రం దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని గుర్తుంచుకుని, వీలైతే ఈ సందర్భంలోనే 11కు మారే ఆలోచన చేయొచ్చు. ఏది చేసినా ముందు ముఖ్యమైన ఫైళ్లను వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, అక్కడ రెండు మూడు తెరిచి చూసుకోవాలి. సీ డ్రైవ్‌లో కనీసం పాతిక జీబీ ఖాళీ ఉంచాలి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ పనిచేస్తోందో లేదో చూసి, కరెంటు కోత లేని వేళ మొదలుపెట్టాలి.